ఎవరి ఖర్చు ఎవరి నెత్తిన

చిరంజీవి సుమతికి,

నీ థీసిస్ మూడో అధ్యాయం అందింది. నిదానంగా చదివాను. పటాన్‌చెరు పారిశ్రామికవాడ గురించి కాగితాలు చూసి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. నక్కవాగు వెంట ఊరూరూ తిరిగి, పొలం గట్ల మీద కూర్చుని, రైతులు చెప్పింది చెప్పినట్టు రాసుకొచ్చినవాళ్ళు తక్కువ. నువ్వు ఆ కష్టం పడ్డావు. ముందు ఆ సంతోషం చెప్పుకుని, తర్వాత చెప్పాల్సింది చెబుతాను.

నీ ఇంగ్లీషుకు వంక పెట్టడానికి ఏమీ లేదు. ఒక్క మాట దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి. ఆ మాట ఎక్స్‌టర్నాలిటీ. అధ్యాయం పొడుగునా వస్తూనే ఉంది. కొన్నిచోట్ల చక్కగా కుదిరింది, కొన్నిచోట్ల ఊరికే వచ్చి కూర్చుంది. రెండు మూడు చోట్లయితే నువ్వు చెప్పదలచుకున్నదానికి పూర్తిగా ఎదురు అర్థం ఇస్తోంది. మార్జిన్‌లో గీతలు పెట్టి పంపితే దిద్దుకుంటావు గానీ ఎందుకు దిద్దానో నీకు తెలియాలి కదా. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

రెండో పేజీలో వాక్యం చూడు. "ది డ్రగ్ యూనిట్స్ ఫేస్డ్ సెవరల్ ఎక్స్‌టర్నాలిటీస్" అని మొదలుపెట్టి కరెంటు కోతలు, కరువు, మందుల ధరల మీద ప్రభుత్వ నియంత్రణ అని వరసగా చెప్పుకొచ్చావు. ఇవన్నీ బయటి నుంచి ఫ్యాక్టరీ మీదికి వచ్చిపడ్డవి కాబట్టి ఆ మాట సరిపోతుందనుకున్నావు. వీటికి ఇంగ్లీషులో ఉన్న మాట ఎక్స్‌టర్నల్ ఫ్యాక్టర్స్. ఎక్స్‌టర్నాలిటీ నడిచే దారి వేరు. ఒకరు తమ పని చేసుకుంటూ, ఆ కొనుగోలులో గానీ అమ్మకంలో గానీ ఏ సంబంధమూ లేని మూడో మనిషి మీద పడేసే నష్టం అది, లేదా అతనికి చేరే లాభం. ఆ నష్టానికి ఎవరూ డబ్బు ఇవ్వరు, ఆ లాభానికి ఎవరూ డబ్బు పుచ్చుకోరు. సరుకు ధరలో దాని జాడ ఉండదు. అంటే అది ఫ్యాక్టరీ గోడ దాటి బయటికి పోయేది. బయటి నుంచి లోపలికి వచ్చే కరువునూ కరెంటు కోతనూ ఆ పేరుతో పిలిస్తే, నీ పుస్తకంలో నష్టపోయినవాడి పీట మీద ఫ్యాక్టరీ యజమాని కూర్చుంటాడు. నువ్వు ఇన్నాళ్ళు తిరిగి మాట్లాడిన రైతు ఆ వాక్యంలో ఎక్కడా లేడు.

ఇది పంతులు పట్టింపు అనుకోకు తల్లీ. ఆ మాటలో ఒక లెక్క ఉంది. బాకీ పడినవాడు, బాకీ రావలసినవాడు, వసూలు కాని సొమ్ము, మూడూ ఉన్న లెక్క. మాట తప్పితే లెక్క తారుమారవుతుంది. కాబట్టి ఆ మాట రాయబోయే ముందు ప్రతిసారీ నిన్ను నువ్వు అడుగు: ఎవరు చేశారు? ఎవరి మీద పడింది? ఏ ధరలో చేరకుండా తప్పించుకుంది? మూడింటికీ జవాబు చెప్పగలిగితే ధైర్యంగా రాయి. ఒక్కదానికి జవాబు లేకపోయినా ఆ మాట పక్కన పెట్టి, జరిగింది జరిగినట్టు రాయి.

నీ అధ్యాయంలోంచే ఒక మంచి ఉదాహరణ తీస్తాను. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త లార్సన్, ఆయన సహచరులు ప్రచురించిన పరిశోధనను నువ్వు ప్రస్తావించావు. పటాన్‌చెరులో దాదాపు 90 మందుల తయారీ యూనిట్ల వ్యర్థజలం చేరే ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్ళను వాళ్ళు పరీక్షించారు. శుద్ధి అయిన తర్వాత కూడా లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని తేలింది. కొన్ని బాక్టీరియాలను చంపడానికి చాలిన మోతాదుకు వెయ్యి రెట్లు మించిన మొత్తం అది. ఇంత బలమైన వివరం చెప్పి, దాని కిందే నువ్వు రాసిన వాక్యం ఇది: "దిస్ క్రియేటెడ్ ఎక్స్‌టర్నాలిటీస్ టు ది ఎన్విరాన్‌మెంట్." ఎంత నీరసపడిపోయిందో చూడు. ఎన్విరాన్‌మెంట్ ఎవరు? దానికి పొలం ఉందా, గేదె ఉందా, ఒంట్లో జ్వరం ఉందా?

మన మూడు ప్రశ్నలూ అడుగుదాం. చేసింది ఎవరు? ఆ యూనిట్లన్నీ కలిసి. ఎవరి వాటా ఎంతో శుద్ధి కేంద్రం దగ్గర విడదీయలేం, కాబట్టి "కలెక్టివ్‌లీ" అని చేర్చడం న్యాయం. పడింది ఎవరి మీద? వాగు నీళ్ళు పెట్టుకునే రైతు మీద, ఆ నీళ్ళు తాగే పశువు మీద, నక్కవాగు కలిసే మంజీర దిగువన ఉన్నవాళ్ళ మీద. అంతటితో అయిపోలేదు. అంత మందు కలిసిన నీళ్ళలో మందుకు లొంగని బాక్టీరియా తయారైతే, ఎక్కడో ఇంకో ఊళ్ళో, ఇంకో దేశంలో ఒక రోగికి మాత్ర పనిచేయకుండా పోతుంది. ఆ రోగి పటాన్‌చెరు పేరు కూడా విని ఉండడు. మరి ఏ ధరలో చేరలేదు? ఆ మాత్ర ధరలో. మాత్ర కొన్నవాడు చవగ్గా కొన్నాడు, అమ్మినవాడు లాభానికి అమ్మాడు. ఆ చవకలో కొంత భాగం నక్కవాగు రైతు తన పంటతో చెల్లించింది. ఇప్పుడు ఇంగ్లీషు వాక్యం దానంతట అదే వస్తుంది: యూనిట్లన్నీ కలిసి వాగు దిగువ రైతుల మీద, యాంటీబయాటిక్ అవసరపడే ప్రతి రోగి మీద ఒక ఎక్స్‌టర్నల్ కాస్ట్ వేశాయి, అది మందు ధరలో లేదు. ఈ వాక్యానికి ఎవరైనా ఎదురు చెప్పాలన్నా దేనికి చెప్పాలో తెలుస్తుంది. నీ పాత వాక్యానికి ఆ అవకాశం కూడా లేదు.

గమనించావా, అక్కడ నేను ఎక్స్‌టర్నాలిటీకి బదులు ఎక్స్‌టర్నల్ కాస్ట్ అన్నాను. నష్టం గురించి చెబుతున్నప్పుడు కాస్ట్ అనీ, మేలు గురించి చెబుతున్నప్పుడు బెనిఫిట్ అనీ రాస్తే చదివేవాడికి సులువు. పెద్దవాళ్ళు కూడా ఈ మాట లేకుండానే పని జరుపుకున్నారు. ఆల్‌ఫ్రెడ్ మార్షల్ 1890లోనే ఎక్స్‌టర్నల్ ఎకానమీస్ అన్నాడు. ఒక పరిశ్రమ మొత్తంగా పెరిగితే అందులోని ఒక్కొక్క సంస్థకూ దక్కే లాభం ఆయన చెప్పింది. ఆయన శిష్యుడు పిగూ 1920లో రాసిన ది ఎకనామిక్స్ ఆఫ్ వెల్ఫేర్ మన సబ్జెక్టుకు పునాది. ఆయన అక్కడ లెక్క కట్టింది, పని చేసినవాడికి మిగిలేదానికీ సమాజానికి మిగిలేదానికీ మధ్య తేడాను. ఇక రోనాల్డ్ కోస్. 1960లో ఆయన రాసిన ది ప్రాబ్లమ్ ఆఫ్ సోషల్ కాస్ట్‌ను ఎక్స్‌టర్నాలిటీల మీద వ్యాసమని అందరూ అంటారు. ఆ వ్యాసంలో ఆయన ఆ మాట ఒక్కసారి కూడా వాడలేదు. కావాలనే హానికర ప్రభావాలు అన్న అర్థం వచ్చే మాట వాడానని 1988లో తనే రాసుకున్నాడు. 1991లో నోబెల్ వచ్చింది. ఎక్స్‌టర్నాలిటీ అని ఇప్పుడు మనం వాడే రూపం 1950ల చివర్లో, ఫ్రాన్సిస్ బేటర్ 1958లో మార్కెట్ వైఫల్యం మీద రాసిన వ్యాసం లాంటివాటితో స్థిరపడింది. మాట లేకుండా కోస్ అంత చెప్పగలిగాడంటే, నీ అధ్యాయంలో సగం చోట్ల తీసేసినా నష్టం లేదని ధైర్యం తెచ్చుకో.

కోస్ పేరు వచ్చింది కాబట్టి ఆయన దగ్గర కాసేపు ఆగుదాం. నీ పరీక్షకుల్లో ఒకరైనా ఆయన ప్రశ్న అడుగుతారు. ఆయన 1879 నాటి ఒక ఇంగ్లీషు కేసు తీసుకున్నాడు, స్టర్జెస్ వర్సెస్ బ్రిడ్జ్‌మన్. లండన్‌లో ఒక మిఠాయి వ్యాపారి ఏళ్ళ తరబడి తన వంటింట్లో రోళ్ళలో దంచుకుంటున్నాడు. పక్కింటి డాక్టరుకు మొదట ఆ గోల తగల్లేదు. తర్వాత ఆయన తన తోట చివర, సరిగ్గా ఆ వంటింటి గోడకు ఆనించి రోగులను చూసుకునే గది కట్టుకున్నాడు. చప్పుడుకు స్టెతస్కోపు పెట్టి వినడం కుదరడం లేదని కోర్టుకు వెళ్ళి గెలిచాడు. కోస్ అన్నదేమిటంటే, నష్టం ఒక్కరి వల్ల పుట్టదు. ఇద్దరూ ఒకేచోట ఉండడం వల్ల పుడుతుంది. రోలు ఆపితే మిఠాయివాడికి నష్టం, ఆపకపోతే డాక్టరుకు నష్టం. ఏ నష్టం పెద్దదో చూడాలి.

దీన్ని నీ రైతులకు పెడితే? "మేం ముందునుంచీ ఉన్నాం, ఫ్యాక్టరీలు తర్వాత వచ్చాయి" అని రైతులు నీతో అన్న మాటను నువ్వు ఎక్స్‌టర్నాలిటీకి రుజువుగా రాశావు. అది రుజువు కాదమ్మా. ఆ కేసులో ముందునుంచీ ఉన్నవాడు మిఠాయివాడు, ఓడిపోయిందీ అతనే. నీటి మీద హక్కు ఎవరిది అన్నది చట్టం తేల్చే సంగతి. నష్టం ధర దాటి పారిపోయిందా అన్నది మన లెక్క తేల్చే సంగతి. రెండూ రాయి, కానీ రెండు వేరు వేరు పేరాల్లో రాయి. నా మటుకు నాకు, రైతు హక్కు వైపే మొగ్గు. 1996లో వెల్లూరు పౌరుల కేసులో, పాలారు నదిని పాడుచేసిన తమిళనాడు తోళ్ళ పరిశ్రమల విషయంలో, కలుషితం చేసినవాడే ఖర్చు భరించాలన్న సూత్రం ఈ దేశ చట్టంలో భాగమని సుప్రీంకోర్టు చెప్పింది. నీ హక్కుల పేరాకు అదే దన్ను. దాన్ని అక్కడ నిలబెట్టు.

ఇప్పుడు పదకొండో పేజీ. ఫ్యాక్టరీలు వచ్చాక కూలి రేట్లు పెరిగి పెద్ద రైతులు ఇబ్బంది పడ్డారనీ, అదొక నెగెటివ్ ఎక్స్‌టర్నాలిటీ అనీ రాశావు. ఇది చాలా తెలివైనవాళ్ళు కూడా జారిపడే చోటు. ఫ్యాక్టరీ ఎక్కువ కూలి ఇచ్చింది, కూలీలు అటు పోయారు, రైతు కూడా కూలి పెంచాల్సి వచ్చింది. రైతుకు పోయినది కూలీకి చేరింది. ఇందులో ధర దాటి పోయిందేమీ లేదు, ధరే మోసుకుపోయింది. మాదాపూర్‌లో ఐటీ కంపెనీలు వచ్చి అద్దెలు పెరిగితే అద్దెకున్నవాడికి కష్టమే, ఇంటివాడికి అంతే లాభం. అదీ ఇలాంటిదే. ఇలా ధరల గుండా వచ్చేవాటిని జేకబ్ వైనర్ 1931లో పెక్యూనియరీ అని విడిగా పేరు పెట్టి పక్కన పెట్టాడు. 1954లో సిటోవ్‌స్కీ ఆ తేడాను ఇంకా విడమరిచాడు. మార్కెట్లు సరిగ్గా లేనిచోట అలాంటివి కూడా సమాజానికి నష్టం తేవచ్చని తర్వాతివాళ్ళు చూపించారు, నిజమే. నువ్వు ఆ వాదన చేయదలిస్తే పెక్యూనియరీ అన్న విశేషణం ముందు పెట్టి, ఏ మార్కెట్ ఎందుకు సరిగ్గా లేదో చెప్పి చెయ్యి. లేకపోతే ఆ వాక్యం కొట్టెయ్. కూలి పెరగడాన్ని కాలుష్యం పక్కన ఒకే జాబితాలో పెడితే, నెలకు నాలుగు రూపాయలు ఎక్కువ చూసిన కూలీ ఇంటి సంతోషాన్ని కూడా నేరంగా రాసినట్టవుతుంది.

అదే పేజీలో ఫ్యాక్టరీ లోపల పనిచేసేవాళ్ళ చర్మరోగాల గురించి ఉంది. చదువుతుంటే మనసు కలుక్కుమంది. దాన్ని కూడా ఎక్స్‌టర్నాలిటీ అన్నావు. కార్మికుడు మూడో మనిషి కాదు. యజమానితో ఒప్పందంలో ఉన్నవాడు. ఆ ఒప్పందంలో ప్రమాదం సంగతి అతనికి చెప్పలేదనుకో, చెప్పినా కాదనే స్తోమత అతనికి లేదనుకో, అది వేరే అన్యాయం. దానికి ఇంగ్లీషులో సూటిగా ఉండే మాటలున్నాయి: దాచిపెట్టిన సమాచారం, బేరమాడే బలం లేకపోవడం, పనిచోట భద్రత లేకపోవడం. అవి రాయి. ఒక పెద్ద మాట కింద రకరకాల కష్టాలు చేరిస్తే వినడానికి బరువుగా ఉంటుంది గానీ, ఏ కష్టానికి ఏ మందో తెలియకుండా పోతుంది. వాగు నీళ్ళకు పన్నో హద్దో మందు. చేతి తొడుగులూ, తనిఖీ అధికారీ, సంఘమూ కార్మికుడికి మందు. ఆ కార్మికుడు ఇంటికి తీసుకెళ్ళిన బట్టల మీది పొడి వల్ల పసిపిల్లకు దద్దుర్లు వస్తే మాత్రం, ఆ పిల్ల నిజంగా మూడో మనిషి. అక్కడ ఆ మాట నిర్భయంగా వాడు.

అనుకోకుండా జరిగినదాన్నంతా ఎక్స్‌టర్నాలిటీ అని పిలవడం కూడా మానాలి. అన్‌ఇంటెండెడ్ అనే షరతు ఈ మాటలో లేదు. ట్యాంకరు నడిపేవాడు అర్ధరాత్రి చూసి చూసి, తెలిసి తెలిసి వాగులో వదిలినా అది ఎక్స్‌టర్నాలిటీయే.

లెక్కల పట్టికలో ఇంకో పొరపాటు ఉంది. పంట నష్టాన్ని, పశువుల నష్టాన్ని కూడి దానికి సోషల్ కాస్ట్ అని శీర్షిక పెట్టావు. ఒక కిలో మందు తయారీకి కంపెనీకి అయ్యే ఖర్చు 1,000 రూపాయలనుకో, బయటివాళ్ళ మీద పడే నష్టం 200 అనుకో. మొదటిది ప్రైవేట్ కాస్ట్, రెండోది ఎక్స్‌టర్నల్ కాస్ట్. సోషల్ కాస్ట్ అంటే రెండూ కలిపి 1,200. నీ పట్టికలో ఉన్నది రెండోది మాత్రమే. శీర్షిక మార్చు. మార్చకపోతే, ఆ అంకెను మందు విలువతో పోల్చేచోట నీ వాదన మొత్తం కుంటుపడుతుంది.

ఇంకొక చోట ఎక్స్‌టర్నాలిటీని పూర్తిగా నిర్మూలించాలి అని రాశావు. నీ మనసు నాకు అర్థమైంది. కానీ పిగూ చెప్పిన పన్ను ఉద్దేశం నిర్మూలన కాదు. చివరి కిలో వల్ల బయటివాళ్ళకు ఎంత నష్టమో అంత పన్ను వేస్తే, ఆ నష్టం భరించి కూడా తయారు చేయదగినంతే తయారవుతుంది. యాంటీబయాటిక్ విషయంలో ఏ కొంచెమూ వదలకూడదనే నీ అభిప్రాయమైతే, నష్టం అంత పెద్దది కాబట్టి అని చెప్పి నిరూపించు. మాటలోంచి ఆ తీర్పు దానంతట రాదు.

అధ్యాయం చివర పరిష్కారాల దగ్గర ఇంటర్నలైజ్ అన్న క్రియ విరివిగా వాడావు. దీన్ని ఇంకా జాగ్రత్తగా వాడాలి, ఎందుకంటే కంపెనీలకు ఈ మాట చాలా ఇష్టం. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గడిచిన మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఒక కంపెనీ ఆ డబ్బుతో బడికి గది కట్టించిందనీ, ఆ విధంగా తన ఎక్స్‌టర్నాలిటీని ఇంటర్నలైజ్ చేసుకుందనీ నువ్వు వాళ్ళ నివేదిక నుంచి తెచ్చి రాశావు. బడి గది మంచిదే, పిల్లలకు పనికొస్తుంది. కానీ ఆ 2 శాతం లాభాన్ని బట్టి మారుతుంది, వాగులోకి వదిలే నీళ్ళను బట్టి మారదు. రేపు రెండింతలు వదిలినా అదే గది. ఇంటర్నలైజ్ అయిందని ఎప్పుడు అనాలంటే, ఇంకో లీటరు వదలాలా వద్దా అని మేనేజరు ఆలోచించే క్షణంలో ఆ లీటరు వల్ల రైతుకు పోయేది తన జేబులోంచే పోతుందని అతనికి తెలిసినప్పుడు.

ఈ గీటురాయి మీద మిగతావి కూడా పెట్టి చూడు. ఏళ్ళ తరబడి కోర్టు చుట్టూ తిరిగాక పాత నష్టానికి ఒకసారి ఇచ్చే సొమ్ము పరిహారం. దానివల్ల రేపటి నిర్ణయం మారుతుందని నమ్మకం ఉంటే తప్ప ఇంటర్నలైజేషన్ అనలేం. బొగ్గు మీద 2010లో టన్నుకు 50 రూపాయలతో మొదలైన సెస్సు 2016కు 400 అయింది. కాల్చేకొద్దీ కట్టాల్సి వచ్చేది కాబట్టి అది ఆ దారిలో ఒక అడుగు. అయితే టన్నును చూసింది గానీ పొగను చూడలేదు. మంచి ఫిల్టరు పెట్టినవాడూ పెట్టనివాడూ ఒకటే కట్టారు. కాబట్టి పార్షియల్‌లీ అని రాయాలి. పటాన్‌చెరు వ్యర్థజలాన్ని పైపు వేసి అంబర్‌పేట వైపు, అక్కణ్ణించి మూసీలోకి మళ్ళించడాన్ని నువ్వు ఏ జాబితాలో పెట్టావో చూసుకో. నక్కవాగు రైతుకు అది ఊరట కావచ్చు. లెక్కలో మాత్రం బాకీ తీరలేదు, మనిషి మారాడు. మూసీ దిగువన గడ్డి పెంచుకునేవాళ్ళు కూడా మనుషులే.

మేలు వైపు నువ్వు దాదాపు చూడనేలేదు. అదే పటాన్‌చెరులో 1972 నుంచీ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఉంది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ మీద అక్కడ తేలిన జ్ఞానం గేటు దాటి ఎంతమంది రైతులకు చేరిందో, దానికి వాళ్ళెవరూ ధర కట్టలేదు. ఒక్క మండలంలో రెండు రకాలూ పక్కపక్కనే ఉన్నాయి. ఇంత మంచి అవకాశం ఏ పరిశోధక విద్యార్థికీ దొరకదు, వదులుకోకు. ఒక పేజీ చాలు.

అయితే మేలు అనుకున్నచోట కూడా ముందు వెళ్ళి అడగాలి. 1952లో జేమ్స్ మీడ్ తేనెటీగల ఉదాహరణ ఇచ్చాడు. ఆపిల్ తోటవాడు తేనెవాడికి ఉచితంగా మేలు చేస్తాడు, దానికి ధర లేదు అని. కుర్చీలో కూర్చుని చెబితే ఎంత నమ్మకంగా ఉంది! 1973లో స్టీవెన్ చ్యూంగ్ అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రానికి వెళ్ళి తోటలవాళ్ళనూ తేనెటీగలవాళ్ళనూ అడిగాడు. వాళ్ళ మధ్య ఎప్పటినుంచో ఒప్పందాలున్నాయి, కిరాయిలున్నాయి. ధర లేదనుకున్నచోట ధర ఉంది. నువ్వూ ఊళ్ళకు వెళ్ళగల దానివి. ఏ ఫ్యాక్టరీ అయినా ఏ ఊరికైనా నీళ్ళ ట్యాంకరు పంపుతోందా, ఎవరికైనా పొలం కౌలు కింద ఏదైనా ఇస్తోందా, రాతలో లేని ఒప్పందాలేమైనా ఉన్నాయా అని అడిగి, ఉంటే వాటిని లెక్కలోంచి తీసెయ్యి. ఆ తర్వాత మిగిలేదే అసలైన ఎక్స్‌టర్నాలిటీ. అది చిన్నదైనా ఎవరూ కదపలేరు.

ఇంగ్లీషు వ్యాకరణం సంగతి క్లుప్తంగా చెబుతాను. ఇది లెక్కపెట్టదగిన నామవాచకం: ఒకటైతే "యాన్ ఎక్స్‌టర్నాలిటీ", చాలా అయితే "ఎక్స్‌టర్నాలిటీస్". చేసినవాడు దాన్ని "జెనరేట్" చేస్తాడు, లేదా ఇంకొకరి మీద "ఇంపోజ్" చేస్తాడు. పడినవాడి ముందు "ఆన్" రావాలి; నువ్వు రాసిన "టు" అతకదు. పుట్టిన పని చెప్పాలంటే "ఆఫ్": "ఎక్స్‌టర్నాలిటీస్ ఆఫ్ బల్క్ డ్రగ్ ప్రొడక్షన్" అన్నమాట. "ఎక్స్‌టర్నాలిటీ ఎఫెక్ట్", "ఎక్స్‌టర్నాలిటీ ఇంపాక్ట్" అని జోడించకు, తోక మీద తోక. యూపీఐ గురించి ఫుట్‌నోట్‌లో నెట్‌వర్క్ ఎక్స్‌టర్నాలిటీ అన్నావు. కట్జ్, షపీరో 1985లో ఆ మాటను ప్రచారంలోకి తెచ్చారు. కానీ 1994లో లీబోవిట్జ్, మార్గోలిస్ చెప్పింది సబబు: వాడేవాళ్ళు పెరిగేకొద్దీ ఉపయోగం పెరగడం నెట్‌వర్క్ ఎఫెక్ట్, ఆ లాభాన్ని ఎవరూ లెక్కలో పెట్టుకోనప్పుడే ఎక్స్‌టర్నాలిటీ. నువ్వు మొదటిది రాసుకో.

నాలుగో అధ్యాయం బోర్ల మీద రాస్తానన్నావు కాబట్టి ఒక్క ముక్క ముందే చెబుతాను. అక్కడ ఈ మాట ఇంకా ఇరకాటంలో పెడుతుంది. ఒకరు లోతుగా బోరు వేస్తే పక్కవాడి బోరు ఎండుతుంది. పక్కవాడు ఇంకా లోతుగా వేస్తాడు, ఇతనిది ఎండుతుంది. ప్రతి రైతూ చేసినవాడే, ప్రతి రైతూ పడినవాడే. 2004 నుంచీ వ్యవసాయానికి ఇస్తున్న ఉచిత కరెంటును ఎక్స్‌టర్నాలిటీ అని రాయబోతావేమో, రాయకు. అది సబ్సిడీ, ప్రభుత్వం తెలిసి పెట్టిన ధర. దానివల్ల మోటారు ఎక్కువసేపు నడిచి పక్కవాడి నీళ్ళు దిగిపోవడమే ఎక్స్‌టర్నాలిటీ. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం బోరుకూ బోరుకూ మధ్య దూరం గురించి ఎందుకు పట్టించుకుందో ఈ దృష్టితో మళ్ళీ చదువు. ఒక ఊరు ఎంచుకుని, ఏ బోరు వేసిన తర్వాత ఏ బోరు ఎండిందో గీత గీసి పంపు. అధ్యాయం రాయడం ఆ తర్వాత. గీత ముందు చూద్దాం.

మీ అమ్మానాన్నలను అడిగానని చెప్పు. ఒంట్లో జాగ్రత్త, ఎండన పడి తిరగకు.

మీ పెదనాన్న